లాక్టులోజ్ సిరప్: రుచికి ఒక స్టార్, పనికి ఐదు

ముందే చెప్పేస్తున్నా, ఇది మలబద్ధకం కోసం వారం పది రోజులు వాడి వదిలేసేవాళ్ల రివ్యూ కాదు. లివర్ సిరోసిస్ ఉన్న మనిషికి అమ్మోనియా తలకెక్కకుండా రోజూ ఈ సిరప్ తాగించే ఇంట్లోంచి రాస్తున్నది. మా ఆయనకు యాభై దాటాయి, తెనాలిలో రైస్ మిల్లు లెక్కలు చూసేవారు, హెపటైటిస్ బి వల్ల లివర్ గట్టిపడిపోయింది. తాగుడు వల్ల కాదు. ఈ మాట కనపడ్డ ప్రతివాళ్లకీ చెప్పుకోవాల్సి రావడం కూడా ఈ జబ్బులో ఒక భాగమే, లివర్ అనగానే అవతలి మనిషి చూపు మారిపోతుంది. అసలు తాగి తెచ్చుకున్నవాళ్లనైనా అలా ఎందుకు చూడాలో నాకైతే అర్థం కాదు, నొప్పి వాళ్లకైనా నొప్పే కదా.

కంపెనీ పేరు రాయట్లేదు. దొరికినప్పుడు దొరికింది కొంటూ రకరకాల కంపెనీలవి వాడాం, మేము కొన్నవాటన్నిటిలో ఉన్నది ఒకటే, 15 మిల్లీలీటర్లకి 10 గ్రాముల లాక్టులోజ్. తేడా అంతా మూతలో, ఫ్లేవర్‌లో, ధరలో. కాబట్టి ఇది మందు గురించిన రివ్యూ అనుకోండి.

అసలు ఇది ఏం చేస్తుందో మాకు ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదు, తర్వాత అడిగి అడిగి తెలుసుకున్నదే. మన పేగుల్లో తయారయ్యే అమ్మోనియాని బాగున్న లివర్ అయితే యూరియాగా మార్చి మూత్రంలో పంపించేస్తుంది. సిరోసిస్‌లో ఆ పని సగం సగమే జరుగుతుంది, పైగా గట్టిపడిన లివర్లోంచి వెళ్లలేక రక్తం పక్కదారులు వెతుక్కుంటుంది, దాంతో శుభ్రం కాని రక్తం మెదడు దాకా చేరిపోతుంది. డాక్టర్లు దీన్ని హెపాటిక్ ఎన్‌సెఫలోపతి అంటారు. అంత పెద్ద మాట మాకు నోరు తిరగదు, ఇంట్లో ‘మబ్బు’ అనేస్తాం. లాక్టులోజ్ అనేది గెలాక్టోజ్, ఫ్రక్టోజ్ కలిసిన ఒక చక్కెర, మన చిన్నపేగు దాన్ని అరిగించుకోలేదు. అలాగే పెద్దపేగు దాకా వెళ్తే అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి ఆమ్లాలు తయారుచేస్తాయి, ఆ పులుపులో అమ్మోనియా కాస్తా అమ్మోనియంగా మారి రక్తంలోకి వెళ్లలేక అక్కడే ఇరుక్కుంటుంది. సిరప్ పేగులోకి నీళ్లు కూడా లాగుతుంది కాబట్టి విరేచనంతో పాటు అదంతా బయటికి పోతుంది. ఇదేమీ నిన్నమొన్నటి మందు కాదు, స్విట్జర్లాండ్‌కు చెందిన యోహానెస్ బిర్షర్ అనే డాక్టరు తన తోటివాళ్లతో కలిసి 1966లోనే లాన్సెట్ పత్రికలో దీని గురించి రాశాడు. ఆ తర్వాత ఎన్నో కొత్త మందులు వచ్చినా ఈ జబ్బుకు ఇప్పటికీ మొదట రాసేది దీన్నే.

మబ్బు అంటే స్పృహ తప్పి పడిపోవడమే అనుకుంటారు చాలామంది. అది చివరి మెట్టు. మా ఆయన విషయంలో మొదట మారింది చేతిరాత. నలభై ఏళ్లుగా ఒకేలా పెట్టిన సంతకం, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, గీత పక్కకు జారిపోయి, బ్యాంకు వాళ్లు సంతకం కలవలేదని చెక్కు వెనక్కి పంపించారు. తర్వాత నిద్ర తిరగబడింది, పగలంతా కునికిపాట్లు, రాత్రి రెండింటికి లేచి బీరువా తీసి మిల్లు తాళాలెక్కడ పెట్టావు అని నన్ను అడగడం. చేతులు ముందుకు చాచి మణికట్లు పైకెత్తమంటే వేళ్లు ఉన్నట్టుండి వాలిపోయి మళ్లీ లేచేవి. మూడంకెల కూడికలు నోటితో చేసేసే మనిషి పాలవాడి లెక్క దగ్గర ఆగిపోయి, ఆగిపోయినట్టు నాకు తెలియకూడదని పేపర్ చదువుతున్నట్టు నటించేవారు. నాకు ఎక్కువ బాధ అనిపించింది అదే, చెక్కు సంగతి కాదు.

సరే, ఇక సిరప్ సంగతి. రుచి ఘోరం. గులాబ్ జామూన్లన్నీ తినేశాక గిన్నె అడుగున మిగిలిన పాకాన్ని రోజుకు మూడుసార్లు, పరగడుపున కూడా తాగమంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఫ్లేవర్ కలిపినవైతే ఇంకా వెగటు, మామూలుదే నయం. మేము చల్లటి నీళ్లలో కలిపి నిమ్మకాయ పిండుతున్నాం, పులుపు తగిలితే గొంతు దిగుతుంది. పల్చటి మజ్జిగలో కూడా కలుపుకోవచ్చు, ఉప్పు మాత్రం వెయ్యకండి, ఈ జబ్బులో ఉప్పు వల్ల కడుపులో నీరు చేరుతుంది. పళ్లరసంలో కలిపితే తీపి మీద తీపి, ఆయన వాంతి చేసుకున్నారు. షుగర్ ఉన్నవాళ్లు దీని తీపి చూసి భయపడతారు. లాక్టులోజ్ రక్తంలోకి పెద్దగా ఎక్కదు గానీ సిరప్‌లో కొంచెం గెలాక్టోజ్, లాక్టోజ్ కలిసే ఉంటాయి, అందుకని డాక్టరుకు షుగర్ సంగతి చెప్పి, మొదట్లో కాస్త తరచుగా చెక్ చేసుకోవడం మంచిది.

బాటిల్ గురించి కంపెనీల వాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. ఆ మూతలు ఎవరు డిజైన్ చేశారో గానీ, రెండోసారి తీసేసరికే మర చుట్టూ సిరప్ గడ్డకట్టి, మూడో రోజుకి ఊడి రాదు. చేతుల్లో బలం తగ్గిపోయిన పేషెంటు తియ్యాల్సిన మూత అది! ఇక చీమలు. మేము బాటిల్‌ని నీళ్లు పోసిన పళ్లెంలో పెడుతున్నాం, కప్పు ఎప్పటికప్పుడు వేడినీళ్లతో కడగకపోతే పొద్దున్నకి ఎర్రచీమల దండు. కొలత కప్పు మీద గీతలు కొన్నాళ్లకే చెరిగిపోతాయి, అప్పుడు జనం స్పూనుతోనో అందాజాగానో పోసేస్తారు, ఈ మందు విషయంలో అది కుదరదు. మెడికల్ షాపులో సూది లేని పెద్ద సిరంజి ఒకటి కొనుక్కోండి, గీతలు స్పష్టంగా ఉంటాయి, చుక్క కింద పడదు, కళ్లు సరిగా ఆననివాళ్లు కూడా వేసుకోగలరు.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. అది మందు మీద కాదు, దాన్ని మన చేతికిచ్చే తీరు మీద. ఆస్పత్రి పేరు చెప్పను, డిశ్చార్జి రోజు చీటీలో ‘30 ఎంఎల్ టీడీఎస్’ అని ఒక ముక్క రాసిచ్చారు. టీడీఎస్ అంటే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు కోసుకునేది అనుకున్నారు మా ఆయన, ఆ పరిస్థితిలో కూడా. మెడికల్ షాపు అబ్బాయి చెప్పాడు మూడు పూటలా అని. చెప్పి ఊరుకోలేదు, “అక్కా, ఇది విరేచనాల మందు, మోషన్ ఫ్రీగా అవుతుంటే ఆపేయండి” అని సలహా కూడా ఇచ్చాడు. సలహా ఇచ్చింది మంచి మనసుతోనే, నాకు తెలుసు. కానీ మూత కంటే, రుచి కంటే ఈ సలహాయే ప్రమాదం. మోషన్ ఫ్రీగా అవుతున్నదే ఈ మందు వల్ల, ఆపితే రెండు మూడు రోజుల్లో మబ్బు తిరిగొచ్చేస్తుంది.

చీటీలో రాయాల్సింది ఇంకొకటి ఉంది, అది ఎంత పొయ్యాలన్నది కాదు, ఏం జరగాలన్నది. రోజుకు రెండు లేక మూడు మెత్తటి విరేచనాలు కావాలి, మనిషి తేటగా ఉండాలి. అంతే, డోసు దానికోసం పెంచుకోవాలి, తగ్గించుకోవాలి. ఒకరికి 15 మి.లీ. రెండుసార్లు చాలు, ఇంకొకరికి 30 మి.లీ. మూడుసార్లు వేసినా చాలదు, అదే మనిషికి పోయిన నెల సరిపోయింది ఈ నెల సరిపోదు. బీపీ మాత్రలా రాసింది రాసినట్టు మింగే మందు కాదు ఇది. ఈ ఒక్క ముక్క ఎవరైనా బాటిల్ మీద తెలుగులో అచ్చేస్తే ఎన్ని అంబులెన్సులు తప్పుతాయో.

రెండోవైపు కూడా చెప్పాలి. ఎక్కువైతే మంచిదేగా, అమ్మోనియా అంతా పోతుంది అనుకుని ఆరుసార్లు ఏడుసార్లు నీళ్లలా అయ్యేదాకా పోసేవాళ్లున్నారు. ఒళ్లు ఎండిపోతుంది, సోడియం, పొటాషియం తలకిందులవుతాయి, కిడ్నీ దెబ్బతింటుంది, చివరికి ఆ ఎండిపోవడమే మళ్లీ మబ్బు తెప్పిస్తుంది. కడుపులో చేరిన నీటిని మూత్రంలో పంపించే స్పైరోనోలాక్టోన్, ఫ్యూరోసెమైడ్ మాత్రలు కూడా నడుస్తుంటే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. నీళ్ల విరేచనాలు మొదలైతే మేము ఒక డోసు ఆపి డాక్టరుకు ఫోన్ చేస్తాం, నీటి మాత్రల సంగతి ఆయనే చెప్తారు.

దీనికి మా ఇంట్లో పద్ధతి గోడ క్యాలెండర్. తిథి, నక్షత్రం, రాహుకాలం ఉన్న గడిలోనే కింద మూలన పెన్సిల్‌తో గీతలు, ఎన్నిసార్లు వెళ్తే అన్ని గీతలు. పక్కన పొద్దున బరువు. దాని పక్కన ‘తేట’ లేదా ‘మ’. మొదట్లో ఆయనకు చాలా నామోషీగా ఉండేది, “నా దొడ్డికి వెళ్లిన లెక్క గోడకెక్కించావేమే, చుట్టాలొస్తే చూస్తారు” అని క్యాలెండర్ తిప్పి పెట్టేసేవారు. ఇప్పుడు ఆయనే గీస్తున్నారు, లెక్కల మనిషి కదా, నెలాఖరుకి మొత్తం కూడి సగటు కూడా తీస్తారు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ కాగితం చింపి తీసుకెళ్తే రెండు నిమిషాల్లో డోసు తేలిపోతుంది, అంతకుముందు “ఎలా ఉంది?” “పర్లేదండి”, దాంతో సరి.

గ్యాస్ గురించి రాయకపోతే రివ్యూ పూర్తి కాదు. మొదటి వారం రెండు వారాలు కడుపు ఉబ్బి, గుడగుడలాడి, పక్కగదిలోకి వినపడేంత. పులిసేదే దీని పని కాబట్టి తప్పదు, డోసు నెమ్మదిగా పెంచితే కొంత తగ్గుతుంది. చిక్కేంటంటే కడుపులో నీరు చేరినా ఉబ్బుతుంది, ఏది గ్యాసో ఏది నీరో చేత్తో చూస్తే మాబోటివాళ్లకు తెలియదు. అక్కడే రోజూ చూసే బరువు పనికొస్తుంది, గ్యాస్‌కి బరువు పెరగదు.

ఇంక బయటికెళ్లడం. ఈ మందు మనిషిని బాత్రూంకి కట్టేస్తుంది అంటారు, నిజమే, కానీ తాడు ఎంత పొడవు ఉంచుకోవాలో కొంతవరకు మన చేతుల్లోనే ఉంది. మా ఆడపడుచు కూతురి పెళ్లికి ముందు ఫోన్ చేసి “వదినా, అన్నయ్యకి ఆ ఒక్కరోజు మందు మానిపించు, మండపంలో ఇబ్బంది పడతాడు” అంది. మానిపించలేదు. డాక్టరుని అడిగితే వేళలు జరుపుకోవచ్చు, డోసు ఎగ్గొట్టొద్దు అన్నారు. తెల్లవారుజామున ఐదింటికే మొదటి డోసు వేస్తే తొమ్మిదిలోపు రెండుసార్లు అయిపోయాయి, మధ్యాహ్నంది ఇంటికొచ్చాక వేశాం. ఆయన తలంబ్రాలు చూశారు, భోజనాల బంతిలో కూర్చున్నారు, ఉప్పు లేని మా పెరుగన్నం డబ్బా నేను పక్కన విప్పాను, అప్పడం అడిగితే ఇవ్వలేదు. సికింద్రాబాద్ వెళ్లాలంటే రైలే, బస్సు ఊసే ఎత్తం. దూరం ఉంటే పెద్దవాళ్ల డైపర్ వేసుకుంటారు. మొదట్లో ససేమిరా అన్నారు, ఏవండీ, దారిలో టెన్షన్ పడుతూ కూర్చోవడం కంటే ఇది నయం కదా అన్నాను, నయమే అని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు.

ఇంట్లో రెండు మార్పులు చేసుకున్నాం. ఇండియన్ బాత్రూం తీసేసి కమోడ్ పెట్టించాం, పక్కన గోడకి పట్టుకోవడానికి స్టీలు రాడ్డు. ఈ జబ్బులో తొడల్లో కండ కరిగిపోతుంది, కూర్చుని లేవడం చాలా కష్టం, అదీ రోజుకు మూడుసార్లు. రెండోది, గట్టిగా తుడుచుకోకుండా నీళ్లతో కడిగి మెత్తటి పాత నూలు బట్టతో అద్ది వేజలైన్ రాయడం. ఇది ఎవరూ పైకి చెప్పుకోరు, మంట పుట్టి మందు మానేసినవాళ్లు ఉన్నారు.

మరి ఇంత అవస్థ పడి తాగితే ఫలితం ఏంటి అంటే, మనిషి తిరిగొస్తాడు. ఇంతకంటే చిన్నగా చెప్పలేను. చండీగఢ్ పీజీఐ ఆస్పత్రి డాక్టర్లు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. పైకి బాగానే కనిపిస్తూ పరీక్ష పెడితే మాత్రం తడబడే సిరోసిస్ పేషెంట్లు 61 మందిని తీసుకుని కొందరికి మూడు నెలలు లాక్టులోజ్ ఇచ్చారు, మిగతావాళ్లకు ఇవ్వలేదు. తాగినవాళ్లకు ఆలోచన మెరుగుపడటమే కాదు, రోజువారీ బతుకు తీరు కూడా మెరుగుపడింది. ఢిల్లీ జీబీ పంత్ ఆస్పత్రి వాళ్లది 2009లో వచ్చింది, ఒకసారి మబ్బు కమ్మి తేరుకున్నవాళ్ల మీద. సుమారు 14 నెలలు గమనిస్తే లాక్టులోజ్ తాగినవాళ్లలో 19.6 శాతం మందికి, తాగనివాళ్లలో 46.8 శాతం మందికి మళ్లీ వచ్చింది. మన దేశపు పేషెంట్లు, మన తిండి, మన ఆస్పత్రులు. అందుకే నాకు ఈ లెక్కల మీద నమ్మకం.

ఇంట్లో చూసుకోవడానికి మాకు ఒక ఆట ఉంది. పొద్దున కాఫీ అయ్యాక ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చెప్పమంటాను. నా సొంత తెలివి కాదు, ఇటలీ డాక్టర్లు 2017లో దీన్ని పరీక్షగా రాశారు, నిమిషంలో 15 దాటితే బాగున్నట్టు, 10 కూడా రాకపోతే అనుమానించాలి. మా ఆయన ఆవు, గేదె, ఎద్దు, దున్న, దూడ అని గొడ్లచావిడి మొత్తం దించుతారు. గేదె, దున్న రెండూ ఒకటే, ఒక్కటే లెక్కవేస్తా అంటాను నేను. “అదెలా ఒకటవుతుందే, పాలిచ్చేది వేరు, బండి లాగేది వేరు” అని వాదన. వాదిస్తున్నారంటే ఆ రోజు తేటగా ఉన్నట్టే. చెప్పిందే చెప్తూ ‘ఆవు... ఆవు...’ దగ్గర ఆగితే మాత్రం మధ్యాహ్నం దాకా చూడను. అమ్మోనియా రక్తపరీక్ష వెంట పడకండి, శాంపిల్ ఐసులో పెట్టి వెంటనే మెషిన్లో పెట్టకపోతే అంకె తప్పుగా వస్తుంది, అంకెని కాకుండా మనిషిని చూడమని మా డాక్టరు అంటారు.

ఇక్కడ చిన్న పక్కమాట. దీర్ఘకాలిక లివర్ జబ్బు ఉన్నవాళ్ల బతుకు ఎలా ఉందో కొలవడానికి 1999లో తయారుచేసిన ప్రశ్నాపత్రం ఒకటుంది, సీఎల్‌డీక్యూ అంటారు, 29 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కులు. నీరసం, పగటి నిద్ర, దురద, కండరాలు పట్టేయడం, తిండి మీద ఆంక్షలు, ఇంట్లోవాళ్ల గురించి బెంగ, అన్నీ ఉన్నాయి, చదువుతుంటే మా ఇంట్లో కూర్చుని రాశారా అనిపించింది. కానీ బాత్రూం గురించి ఒక్క ప్రశ్న లేదు. పెళ్లికి వెళ్లగలిగావా, బస్సెక్కగలిగావా, సిరప్ వల్ల ఎవరింటికైనా వెళ్లడం మానేశావా? ఆ కాగితం రాసినవాళ్లు ఎవరూ ఈ సిరప్ తాగి ఉండరు.

సిరప్ ఒక్కటే అన్నీ చెయ్యదు, ఇది తెలియక మందుకు చెడ్డపేరు పెడతారు. సరిగ్గా తాగుతున్నా మబ్బు వచ్చిందంటే వెనక ఇంకేదో ఉంటుంది, కడుపులో నీటికి ఇన్ఫెక్షన్ కావచ్చు, లోపల రక్తం పోతుండొచ్చు, లేదా ఎవరో జాలిపడి ఇచ్చిన నిద్రమాత్ర కావచ్చు. రాత్రిళ్లు నిద్ర లేదని అల్ప్రజోలం అడిగి వేసుకునే అలవాటు మన దగ్గర ఎక్కువ, సిరోసిస్ మనిషికి అది నేరుగా మబ్బులోకి దారి. మత్తు కలిసిన దగ్గు మందులు కూడా అంతే. పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, పెరుగు ఆపేయడం ఇంకో ఘనకార్యం. మా అత్తయ్య అయితే చారన్నం తప్ప ఏదీ పెట్టొద్దని పట్టుబట్టారు. ఒకప్పుడు డాక్టర్లు కూడా అదే చెప్పేవారు, ఇప్పుడు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ తినాల్సిందే అంటున్నారు, ఎందుకంటే అమ్మోనియాని కొంత కండరాలు కూడా పట్టేస్తాయి, కండ కరిగితే ఆ దారి కూడా మూసుకుపోతుంది. రాత్రి పడుకునేముందు ఏదో ఒకటి తినాలి, ఇడ్లీయో, అటుకుల పెరుగో, పొద్దున్నదాకా ఖాళీ కడుపుతో ఉంచకూడదు. ఇవన్నీ చేస్తూ సిరప్ తాగితేనే సిరప్ పనిచేసేది.

దీంతో ఆగకపోతే రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర కలుపుతారు, 550 మిల్లీగ్రాములది రోజుకు రెండు. అది బాగా పనిచేస్తుంది కానీ ఖర్చు సిరప్‌కి ఎన్నో రెట్లు. ఆ మాత్ర మొదలుపెట్టాం కదా అని సిరప్ ఆపేయకండి, దాని మీద జరిగిన పెద్ద పరీక్షలో కూడా నూటికి తొంభై మందికి పైగా లాక్టులోజ్ తాగుతూనే మాత్ర వేసుకున్నారు. పసరు మందు సంగతి నన్ను అడగొద్దు, ఊళ్లో ప్రతివాళ్లకీ ఒక పసరాయన తెలుసు, ఉన్న లివర్ కూడా పోగొట్టుకునే ఓపిక మాకు లేదు.

ఖర్చు మాటకొస్తే, 30 మి.లీ. మూడుసార్లు అంటే రోజుకు 90, 200 మి.లీ. బాటిల్ రెండు రోజులు దాటీ దాటకుండా అయిపోతుంది, నెలకు పదమూడు పద్నాలుగు బాటిళ్లు. చిన్న బాటిళ్లు కొంటే మోసపోతారు, మి.లీ.కి ఎంత పడుతుందో లెక్కేసి పెద్దది కొనండి. దగ్గర్లో జనౌషధి షాపు ఉంటే అక్కడ అడగండి, చవగ్గా వస్తుంది, మేము వాడాం, తేడా ఏమీ కనపడలేదు. స్టాక్ లేదంటారు అప్పుడప్పుడూ, అందుకే ఇంట్లో రెండు బాటిళ్లు మిగిలి ఉండగానే వెళ్లాలి. పొడి రూపంలో దొరికే ల్యాక్టిటాల్ కూడా ఇదే పని చేస్తుందని, తీపి తక్కువని డాక్టరు చెప్పారు. మేమింకా వాడలేదు, ప్రయాణాలకు సాచెట్లు హాయిగా ఉంటాయేమో, వాడినవాళ్లు ఉంటే రాయండి.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. మనిషి లేపితే లేవకపోయినా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా నోట్లో సిరప్ పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నల్లగా తారులాగా విరేచనం అయినా, రక్తం కక్కినా, జ్వరంతో కడుపు నొప్పి వచ్చినా డోసు లెక్కలు పెట్టుకుంటూ కూర్చోకుండా బండెక్కించండి. స్పృహ లేనివాళ్లకు ఇదే సిరప్‌ని నీళ్లలో కలిపి ఎనిమా ఇస్తారు ఆస్పత్రిలో, నోటితో కుదరనప్పుడు అదో దారి.

మార్కులు: రుచికి ఒకటి, మూతకు సున్నా, ధరకు మూడు, కంపెనీల వాళ్లు లోపల మడిచి పెట్టే ఆ చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల కాగితానికి సున్నా. పనికి ఐదు. మా ఆయన అయితే మూడే ఇస్తానంటున్నారు, తాగేది నేను కదా అని. ఈ మధ్య మిల్లుకి వారంలో మూడు రోజులు పొద్దుటిపూట వెళ్తున్నారు, స్కూటర్ మాత్రం మా అబ్బాయే నడుపుతున్నాడు, డాక్టరు ఒప్పుకునేదాకా తాళాలు నా దగ్గరే ఉంటాయి.